మరల అదే బాటలో

కుటుంబ ధ్యానము

చదువవలసిన వాక్యభాగములు: హెబ్రీయులకు 12:1–3, అపొస్తలుల కార్యములు 15:36–41, 2 తిమోతి 4:11



ప్రతి సంవత్సరము డిసెంబరు 31వ తేదీ రాత్రి మన సంఘములలో ఆరాధన జరుగుతుంది. పన్నెండు కొట్టే వేళకు మోకాళ్ళూని ఎన్నో తీర్మానాలు చేసుకుంటాము. ఈ ఏడు కుటుంబ ప్రార్థన మానము. త్రాగుడు ముట్టను. తోడబుట్టినవానితో మాట్లాడతాను. బైబిలు మొదటి నుండి చివరి వరకు చదువుతాను. సంక్రాంతి దాటేసరికి వాటిలో కొన్ని జారిపోతాయి, ఈస్టరు వచ్చేసరికి మిగిలినవి జారిపోతాయి. అనేకుల బైబిళ్ళలో ఆదికాండము, నిర్గమకాండము పుటలు మాసి నలిగి ఉంటాయి. లేవీయకాండము మొదలుకొని పుటలు కొత్తగానే ఉంటాయి! మరుసటి డిసెంబరులో అదే చోట, అవే మోకాళ్ళపై, అవే తీర్మానాలు. ఒక్కటే తేడా. ఈసారి కన్నీళ్ళు కొంచెము ఎక్కువ, ధైర్యము కొంచెము తక్కువ.

ఒకసారి ఓడిపోయినవాడు మరల అదే బాటలోనికి వచ్చినప్పుడు, పోయినసారికంటె మేలుగా ఎట్లు సాగగలడు? ఈ నెల ఈ ప్రశ్నను ఆలోచిద్దాము. పందెపు రంగమును పోలికగా చూపించడము పౌలునకు ఇష్టము. ఆయన ఉత్తరములు అందుకొన్న కొరింథు పట్టణము దగ్గర రెండేళ్ళకొకసారి పెద్ద క్రీడలు జరిగేవి. గెలిచినవారికి ఆకులతో అల్లిన కిరీటము పెట్టేవారు. అందుకే 1 కొరింథీయులకు 9వ అధ్యాయములో ఆయన పరుగు మాట ఎత్తగానే ఆ ఊరివారికి వెంటనే అర్థమై ఉంటుంది. నేడు కూడ లోకములో అటువంటి పందెములున్నాయి. వాటిలో ఒకటి మన ప్రశ్నకు చాలా దగ్గరగా ఉన్నది.

నూరు మైళ్ళ బాట

అమెరికా దేశములోని కాలిఫోర్నియా రాష్ట్రములో సియెరా నెవాడా అనే కొండలున్నాయి. అక్కడ ఒలింపిక్ వ్యాలీ అనే చోటు నుండి ఓబర్న్ అనే ఊరి హైస్కూలు మైదానము వరకు 100 మైళ్ళ కొండబాట ఉన్నది. అది తారు రోడ్డు కాదు. రాళ్ళు, దుమ్ము, వాగులు, లోయలు. ప్రతి సంవత్సరము జూన్ నెలాఖరున ఈ బాట మీద పరుగు పందెము జరుగుతుంది. దాని పేరు వెస్టర్న్ స్టేట్స్ పరుగు. శనివారము తెల్లవారుజామున 5 గంటలకు మొదలై, ఆదివారము ఉదయము 11 గంటలకు ముగుస్తుంది. అంటే 30 గంటల గడువు. ఈ దూరము 161 కిలోమీటర్లు. సుమారుగా విజయవాడ నుండి రాజమహేంద్రవరము వరకు ఉన్నంత. మొత్తము 18,000 అడుగులు ఎక్కాలి, 23,000 అడుగులు దిగాలి. కొన్ని ఏండ్లలో పైన కొండ శిఖరాల మీద మంచు ఉంటుంది. క్రింద లోయలలో ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది. 78వ మైలు దగ్గర, అనేకులకు రాత్రి చీకటిలోనే, ఒక నది దాటాలి.

ఈ పందెము పుట్టిన విధము వినండి. మొదట అది గుర్రపు స్వారీ పందెము. ఒక్క దినములో నూరు మైళ్ళు స్వారీ చేసినవారికి నడుము పట్టీకి పెట్టుకొనే వెండి బిళ్ళ ఇచ్చేవారు. గోర్డి ఎయిన్స్‌లీ అనే యువకుడు 1973లో తన గుర్రము కుంటుపడగా మధ్యలోనే ఆగిపోవలసి వచ్చింది. మరుసటి సంవత్సరము 1974లో అతడు మరల వచ్చాడు. ఈసారి గుర్రము లేదు, కాలినడకనే వచ్చాడు. గుర్రములతో కలిసి పరుగెత్తి 23 గంటల 42 నిమిషములలో ఓబర్న్ చేరాడు. మనిషి కాళ్ళతో ఒక్క దినములో ఆ బాటను దాటగలడని అప్పుడు అందరికి తెలిసింది. 1977లో మనుషుల పరుగు పందెము ఏర్పడింది. నేటికిని 24 గంటలలోపు చేరినవారికి వెండి బిళ్ళ, 30 గంటలలోపు చేరినవారికి కంచు బిళ్ళ ఇస్తారు.

చూశారా? ముందటేడు మధ్యలో ఆగిపోయినవాడు మరల వచ్చినందువలననే ఈ పందెము పుట్టింది.

ఓడినవారు తిరిగి వచ్చినప్పుడు

ఆ బాట మీద యాన్ ట్రేసన్ అనే సహోదరికి ఉన్నంత పేరు మరెవరికిని లేదు. ఆమె స్త్రీలలో 14 సార్లు ప్రథమ స్థానము పొందింది. 1994లో ఆమె 17 గంటల 37 నిమిషములలో ముగించిన పరుగును 2012 వరకు ఏ స్త్రీయు దాటలేదు. అయితే ఆమె మొదట వచ్చినది 1987లో, పూర్తి చేయలేకపోయింది. 1988లో మరల వచ్చింది. అప్పుడును పూర్తి చేయలేకపోయింది. మొదటి గెలుపు 1989లో. ఆ రెండు సంవత్సరములు చూచి "ఈమెవల్ల కాదు" అనుకొని ఉంటే, తరువాతి పదునాలుగు గెలుపులు లేవు.

జిమ్ వాల్మ్స్‌లీ అనే మరొక పరుగువీరుడు 2016లో వచ్చాడు. అందరికంటె ముందు పరుగెత్తుతున్నాడు. అంతకుముందు ఎవరును చేరనంత త్వరగా చేరబోతున్నాడు. ఇంక ఏడెనిమిది మైళ్ళే మిగిలి ఉండగా ఒక మలుపు చూడక దారి తప్పాడు. తప్పు తెలిసి వెనుకకు వచ్చేసరికి ఒంట్లో శక్తి లేదు, మనసులో ధైర్యము లేదు. అయినను ఇంటికి పోలేదు. చాలా దూరము నడుచుకొంటూనే వెళ్ళి 20వ వాడుగా గమ్యము చేరాడు. 2017లో మరల వచ్చాడు. ఈసారి కడుపు త్రిప్పి, తిన్నది నిలువక, 78వ మైలు దగ్గర ఆగిపోయాడు. 2018లో మూడవసారి వచ్చాడు. ఆ ఎండలో 14 గంటల 30 నిమిషములకు గెలిచి పాత రికార్డును దాటాడు. 2019లో 14 గంటల 9 నిమిషములకు చేరి తన రికార్డును తానే దాటాడు.

ప్రియులారా, బైబిలులో కూడ ఇట్టివాడు ఒకడున్నాడు. అతడు మార్కు అను యోహాను. బర్నబా సౌలులతో సువార్త ప్రయాణమునకు బయలుదేరాడు. కుప్ర ద్వీపము దాటి పంఫూలియకు చేరగానే వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయాడు. కారణము వాక్యములో వ్రాయబడలేదు. రెండవ ప్రయాణమప్పుడు బర్నబా అతనిని మరల తీసికొనిపోదామన్నాడు, పౌలు వద్దన్నాడు. ఇద్దరు పెద్దలకు తీవ్రమైన వాదము కలిగి వేరైపోయారు. కాని చివరకు ఏమైనది? పౌలు చెరసాలలో కూర్చుండి తిమోతికి వ్రాస్తూ, మార్కును వెంటబెట్టుకొని రమ్మన్నాడు. అతడు తన పరిచర్యకు ఉపయోగపడతాడని చెప్పాడు. వద్దన్న నోటనే రమ్మన్న మాట వచ్చింది.

పరుగు పుస్తకము

అయితే మరల రావడము ఒక్కటే చాలదు. పోయినసారి వచ్చినట్లే వస్తే, పోయినసారి పడినచోటనే పడతాము. దూరపు పరుగులు పరుగెత్తేవారిలో అనేకులకు ఒక అలవాటున్నది. ఒక నోటు పుస్తకము పెట్టుకొని, ఎక్కడ బలము తగ్గినది, ఏమి తిన్నది, ఎక్కడ నీళ్ళు చాలలేదు, ఏ దిగుడులో మోకాలు నొచ్చినది, అన్నియు వ్రాసికొంటారు. తమ్మును తాము తిట్టుకొంటే కాళ్ళకు బలము రాదని వారికి తెలుసు. పడిన చోటు గుర్తించి, ఆ ఒక్క చోటును మార్చుకొంటారు. వారి పుస్తకాలలో మాటిమాటికి కనబడే సంగతులు నాలుగు. అవి మన ఇండ్లలోని సంగతులకు ఎంతో దగ్గరగా ఉన్నాయి.

మొదటిది, మొదలులోనే త్వరపడుట. ఈ పందెములో మొదటి నాలుగైదు మైళ్ళలోనే 2,500 అడుగుల ఎక్కుడు ఉన్నది. తెల్లవారి చల్లదనము, కాళ్ళలో కొత్త బలము, చుట్టు జనుల కేకలు. కొత్తవారు ఆ ఎక్కుడును పరుగెత్తుతారు. అనుభవము గలవారిలో అనేకులు చేతులు తొడలకానించి నడుస్తారు. సాయంకాలమునకు ముందుపోయినవారిని దాటుకొని పోతారు. ఉజ్జీవ కూటముల తరువాత మనమును ఇంతే. దినమునకు పది అధ్యాయములు చదువుతామని, తెల్లవారుజామున మూడింటికి లేస్తామని మాట ఇస్తాము. పొలము పనులుండే ఇంటిలో అది ఎన్నాళ్ళు సాగుతుంది? ఆ మాట నిలువనప్పుడు మొత్తమే మానివేస్తాము. ఒక అధ్యాయము, ఒక కీర్తన, ఒక చిన్న ప్రార్థన చాలును. అది ఏడాది పొడవున సాగితే పెద్దది.

రెండవది, తినకపోవుట. ఒంట్లో దాచి ఉంచిన చక్కెర శక్తి రెండు మూడు గంటలు గట్టిగా పరుగెత్తితే చాలావరకు అయిపోతుంది. అందుకే ఆకలి వేసినను వేయకపోయినను వారు గంట గంటకు కొంచెము కొంచెము తింటూ, త్రాగుతూ పోవాలి. ఎండలో రక్తమంతా కాళ్ళకు, చర్మమునకు పోవుటచేత కడుపు సరిగా అరిగించుకోలేదు, వికారము పుడుతుంది. కాబట్టి కడుపునకు కూడ ముందుగా అభ్యాసము చేయిస్తారు. నీళ్ళు కూడ దప్పికకు తగినంతే. భయపడి మితిమీరి త్రాగితే రక్తములోని ఉప్పు పలుచబడి ప్రాణాపాయము కలుగుతుంది. ఏలీయా సంగతి జ్ఞాపకము చేసికొనండి (1 రాజులు 19). కర్మెలు మీద అంత జయము పొందినవాడు, యెజెబెలు బెదిరింపుకు పారిపోయి చెట్టు క్రింద పడి చావు కోరుకొన్నాడు. దేవుడు అతనికి ముందు ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చాడు; దూతచేత రొట్టె, నీళ్ళు ఇప్పించాడు; మరల నిద్రపోనిచ్చాడు; మరల తినిపించాడు. తరువాత నలువది దినముల ప్రయాణము. నీరసించిన భార్యను, అలసిన కొడుకును "విశ్వాసము లేదు" అని గద్దించేముందు, వారు సరిగా తిన్నారా, నిద్రపోయారా అని అడగండి. అలాగే ఆదివారము ఒక్కనాడు వాక్యము విని వారమంతా ఆత్మను పస్తు ఉంచితే, గురువారమునకు కాళ్ళు వణకడము వింత కాదు.

మూడవది, దిగుడు. ఈ మాట జాగ్రత్తగా వినండి. పరుగెత్తేవారు ఎక్కుడుకు భయపడి దానికే సాధన చేస్తారు. కాని అనేకులను పడవేసేది దిగుడు. క్రిందికి పరుగెత్తునప్పుడు తొడ ముందు భాగపు కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపుతూ ఉండాలి. అందువలన వాటిలోని సన్నని పోగులు దెబ్బతింటాయి. దిగేటప్పుడు ఊపిరి సులభముగానే ఉంటుంది, కాబట్టి నొప్పి అప్పుడు తెలియదు. తరువాత చదునైన బాటలో కూడ కాలు కదలదు. దీనికి మందు ఒక్కటే: పందెమునకు కొన్ని వారాల ముందు నుండి కొంచెము కొంచెముగా దిగుడులు పరుగెత్తి కండరాలను అలవాటు చేయాలి. ఈ నూరు మైళ్ళలో ఎక్కుడుకంటె దిగుడే ఎక్కువ అని పైన చెప్పితిని గదా. మన కుటుంబాల సంగతి చూడండి. వానలు లేని ఏడు, అప్పులవారు వాకిట నిలిచిన ఏడు, ఇంటిల్లిపాది చాప పరచుకొని ప్రార్థన చేస్తాము. మిరపకు మంచి ధర వచ్చిన ఏడు, అబ్బాయికి ఉద్యోగము వచ్చిన ఏడు ఆ చాప అటక ఎక్కుతుంది. దావీదు గుహలలో దాగి ఉన్నప్పుడు పడలేదు. సేనలను యుద్ధమునకు పంపి తాను మిద్దె మీద తిరుగుచున్నప్పుడు పడ్డాడు (2 సమూయేలు 11). కష్టములో ప్రార్థించుట అందరికి తెలుసు. సుఖములో ప్రార్థించుట నేర్చుకోవాలి.

నాలుగవది, ఎండ. చల్లని చోటు నుండి వచ్చినవాడు ఆ లోయలలో కూలిపోతాడు. కాని పది పదునాలుగు దినములు వరుసగా, మితముగా వేడిలో శ్రమపడితే ఒళ్ళు మారుతుంది. రక్తములోని ద్రవము పెరుగుతుంది. చెమట ముందుగానే పడుతుంది. చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. మానివేస్తే కొన్ని వారాలకే ఆ శక్తి పోతుంది. ఈ సంగతి మీకు ఎవరును చెప్పనక్కరలేదు. వేసవిలో పట్టణము నుండి వచ్చిన చుట్టము చేనిలో గంట నిలువలేడు. నిత్యము చేసే కూలి అక్క మధ్యాహ్నము వరకు పని చేస్తుంది. శోధన దినమున నిలిచే బలము శోధన దినమున పుట్టదు. చిన్న చిన్న విషయములలో, పది రూపాయల లెక్కలో, ఒక కోపపు మాటను మింగుటలో, ముందునుండి అలవడుతుంది.

చోటు మార్చినవాడు

జిమ్ వాల్మ్స్‌లీ సంగతి ఇంకొకటి చెప్పాలి. ఐరోపాలో మాంట్ బ్లాంక్ అనే మహా పర్వతము చుట్టు ఒక పందెము ఉన్నది. సుమారు 170 కిలోమీటర్లు, పదివేల మీటర్ల ఎక్కుడు. స్వదేశములో అన్ని గెలుపులు గెలిచినవాడు అక్కడ 2017లో అయిదవవాడైనాడు. 2018లో మధ్యలో ఆగిపోయాడు. 2021లో మరల ఆగిపోయాడు. అప్పుడు అతడు ఒక పని చేశాడు. 2022లో ఫ్రాన్సు దేశములోని ఆల్ప్స్ కొండల మధ్యకు కాపురము మార్చాడు. ఏ కొండలు తనను ఓడించాయో వాటి నడుమనే నివసిస్తూ వాటి మీదనే సాధన చేశాడు. ఆ ఏడు నాలుగవవాడైనాడు. 2023లో 19 గంటల 37 నిమిషములలో గెలిచాడు. ఆ పందెము గెలిచిన మొదటి అమెరికా పురుషుడు అతడే.

తీర్మానము అంతకుముందు కూడ ఉన్నది. మారినది తీర్మానము కాదు, బ్రతుకు ఏర్పాటు. ఇదే మన ఇండ్లలో కొరతగా ఉన్నది. త్రాగుడు మానాలని తీర్మానించుకొన్న సహోదరుడు సాయంత్రము అదే దారిలో, అదే స్నేహితులతో, కూలి డబ్బులు జేబులో పెట్టుకొని ఇంటికి వస్తే, ఆ తీర్మానము ఎన్ని దినములు నిలుస్తుంది? దారి మార్చాలి. కూలి డబ్బు భార్య చేతికి చేరే ఏర్పాటు చేయాలి. సాయంత్రము ఆరు గంటలకు ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించుకోవాలి. అవసరమైతే వైద్యుని దగ్గరకు పోవాలి. ఎక్కువగా త్రాగేవారు ఒక్కసారిగా మానినప్పుడు ఒంటికి అపాయము కలుగవచ్చును గనుక అది సిగ్గుపడవలసిన పని కాదు. కుటుంబ ప్రార్థన ఆగిపోయిన ఇంటిలో టీవీ పెట్టకముందా, అన్నము తినకముందా, ఏ వేళ అందరును ఇంటిలో ఉంటారో చూచి ఆ వేళకు మార్చాలి.

"వెనుకవాటిని మరచిపొమ్మని పౌలు చెప్పలేదా?" అని ఎవరైనా అడుగవచ్చును. ఫిలిప్పీయులకు 3వ అధ్యాయములో ఆయన ఆ భావము చెప్పినమాట నిజమే. కాని తాను సంఘమును హింసించినవాడనని ఆ పౌలే మరల మరల వ్రాశాడు. మరచుట అంటే తెలియనట్లు ఉండుట కాదు, మోయకుండుట. పరుగెత్తేవాడు పోయినసారి తప్పును పుస్తకములో వ్రాస్తాడు, వీపు మీద వేసుకోడు. దేవుడు క్షమించిన పాపమును మనము బరువుగా మోయనక్కరలేదు. కాని ఆ పాపము ఏ వాకిలి గుండా వచ్చినదో మాత్రము గుర్తుంచుకొని ఆ వాకిలి గడియ వేయాలి.

తోడు పరుగెత్తేవారు

వెస్టర్న్ స్టేట్స్ పరుగులో ఒక చక్కని నియమమున్నది. 62వ మైలు దగ్గర ఫారెస్ట్‌హిల్ అనే ఊరు వస్తుంది. అక్కడ నుండి ఒక తోడు మనిషి కూడ పరుగెత్తవచ్చును. చీకటి పడే వేళ, బలము పోయే వేళ, బుద్ధి మందగించే వేళ ఆ తోడు దొరుకుతుంది. "ఇక్కడ రాయి ఉన్నది, ఇప్పుడు కొంచెము తిను, ఇటు మలుపు" అని చెబుతూ ఉంటారు. కాని ఆ తోడు మనిషి పరుగెత్తేవాని నీళ్ళ సీసాను గాని సంచిని గాని మోయరాదు. గలతీయులకు 6వ అధ్యాయములో 2వ వచనమును, 5వ వచనమును కలిపి చదవండి. ఒకరి భారములు ఒకరు మోయాలి అని ఒక చోట, ఎవరి బరువు వారు మోయాలి అని మరొక చోట. రెండును ఎట్లు నిజమో ఆ చీకటి బాట చూపిస్తుంది. తోడు ఉండవచ్చును, అతనికి బదులు పరుగెత్తలేము.

ఆ పందెములో పరుగెత్తేవారు నాలుగు వందలకు మించరు. దారి పొడవున నీళ్ళు, ఆహారము పట్టుకొని నిలిచి సేవ చేసేవారు అంతకు ఎన్నో రెట్లు. వారెవరును "పోయినేడు ఆగిపోయినవాడవు నీవే గదా" అని అడుగరు. సీసా నింపుతారు, పేరు పెట్టి పిలుస్తారు, ముందుకు పంపుతారు.

ఇప్పుడు మన సంఘము సంగతి. ఆరు నెలలు త్రాగుడు మాని, జాతరలో జారిపోయిన సహోదరుడు మరల గుడి మెట్లు ఎక్కితే మనము ఏమి చేస్తాము? చాపల మీద కూర్చున్నవారు ఒకరినొకరు చూచుకొంటారా? ఇంటర్ ఫెయిలైన అమ్మాయి పాటల బృందములోనికి మరల వస్తే "ముందు పరీక్ష సంగతి చూచుకో" అంటారా? భర్తతో గొడవపడి పుట్టింటికి పోయి తిరిగి వచ్చిన కోడలిని బావి దగ్గర ఎవరు మొదట పలుకరిస్తారు? అనేకులు దేవుడు క్షమించడేమో అని కాదు, మన చూపులకు భయపడి గుడి బయటనే ఆగిపోతున్నారు. మార్కునకు బర్నబా లేకపోతే ఏమై ఉండెనో ఆలోచించండి. సంఘ ఆచారము ప్రకారము రెండవ సువార్తకు పేరు ఆ మార్కుదే.

ఆరు సెకండ్లు

చివరగా ఒక అవ్వ సంగతి. 2015లో గన్‌హిల్డ్ స్వాన్సన్ అనే 70 ఏండ్ల స్త్రీ ఈ నూరు మైళ్ళు పరుగెత్తింది. రాత్రి గడిచింది, ఆదివారము తెల్లవారింది, గడువు దగ్గర పడింది. ఆ సంవత్సరము గెలిచినవాడు రాబ్ క్రార్. అతడు శనివారము రాత్రి 8 గంటలలోపే చేరి బిరుదు పొందినవాడు. ఆదివారము ఉదయము అతడు సాధారణమైన చెప్పులు వేసుకొని వెనుకకు వెళ్ళి, ఆ అవ్వ ప్రక్కన చివరి మైలు పరుగెత్తాడు. హైస్కూలు మైదానములో జనులందరు లేచి నిలిచి కేకలు వేశారు. ఆమె చేరిన సమయము 29 గంటల 59 నిమిషముల 54 సెకండ్లు. గడువుకు ఆరు సెకండ్లు మిగిలినవి. డెబ్బై ఏండ్లు నిండి ఆ పందెము పూర్తి చేసిన మొదటి స్త్రీ ఆమెయే.

ముందు చేరినవాడు వెనుకనున్నవారి కొరకు తిరిగి రావడము ఎంత సుందరము! అయితే ఒక సంగతి మరచిపోకూడదు. ఏ పోలికకైనను హద్దు ఉంటుంది. ఆ పందెములో ఆరు సెకండ్లు ఆలస్యమైతే బిళ్ళ లేదు. మన రక్షణ అట్టిది కాదు. మనము బాగుగా పరుగెత్తినందువలన దేవుడు మనలను అంగీకరించలేదు. సిలువ మీద దొంగ పరుగెత్తడానికి కాళ్ళు కూడ కదలలేని స్థితిలో అడిగాడు, పొందాడు. మనకు ముందుగా ఆ బాటను ముగించిన ప్రభువు మన కొరకు వెనుకకు వచ్చి, సముద్రతీరమున నిప్పుల మీద చేపలు కాల్చి, మూడుసార్లు తప్పిన పేతురును మూడుసార్లు అడిగి మరల పనిలో పెట్టాడు. అంగీకరించబడినవారము గనుక పరుగెత్తుతున్నాము. అంగీకరించబడుటకు కాదు. ఈ సంగతి తెలిసినవాడే భయము లేకుండ తన పరుగు పుస్తకము తెరచి చూడగలడు.

కాబట్టి ప్రియులారా, ఈసారి డిసెంబరు 31 వరకు ఆగకండి. ఈ వారమే ఒక సాయంత్రము ఇంటిల్లిపాది కూర్చుండి క్రింది సంగతులు మాటలాడుకొనండి.

1. మన ఇంటిలో ఏ మంచి అలవాటు మొదలై మధ్యలో ఆగిపోయినది? సరిగా ఏ నెలలో, ఏ కారణముచేత ఆగినది?

2. ఈసారి మరల మొదలుపెట్టుటకు మార్చవలసిన ఒక్క ఏర్పాటు ఏది? వేళయా, చోటా, స్నేహమా, డబ్బు చేతులు మారే విధమా?

3. మన ఊరిలో మధ్యలో ఆగిపోయినవారు ఎవరు? వారి ప్రక్కన నడుచుటకు మన ఇంటినుండి ఎవరు పోగలరు?

మూడవ ప్రశ్నకు వచ్చిన పేరును బయట ఎక్కడను చెప్పకండి. ఆదివారము ఆరాధన తరువాత వారి ఇంటికి పోయి, కూర్చుండి, వారితో కలిసి భోజనము చేయండి.

ప్రార్థన: కృపగల తండ్రీ, మేము పడిన చోట్లు నీకు తెలుసు. వాటిని చూచుటకు మాకు ధైర్యమును, మార్చుకొనుటకు జ్ఞానమును దయచేయుము. మా ఇండ్లలో ఆగిపోయినవారిని మరల బాటలోనికి నడిపించుము. వారి ప్రక్కన నిలిచే మనసు మా సంఘమునకు అనుగ్రహించుము. మాకంటె ముందుగా పరుగు ముగించిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.